గంటలో గొంతు కావాలంటే: తిరుపతిలో కూర్చుని వాయిస్ ఓవర్ చెయ్యడం

లేక్ బెల్ రాసి, డైరెక్ట్ చేసి, తనే నటించిన ‘ఇన్ ఎ వరల్డ్’ 2013లో వచ్చిన కామెడీ. సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో స్క్రీన్‌ప్లేకి అవార్డు వచ్చింది. హాలీవుడ్ ట్రైలర్లకు గొంతిచ్చే పేరున్న పెద్దమనిషి కూతురు కేరల్. నటులకు యాసలు నేర్పి సంపాదించుకుంటూ ఉంటుంది. ట్రైలర్ చెప్పాలని ఆమెకి ఆశ. ఆ పని ఆడవాళ్లది కాదనేది కన్నతండ్రే. 2008లో చనిపోయిన డాన్ లాఫాంటైన్ గొంతుతో పేరుపడ్డ ‘ఇన్ ఎ వరల్డ్’ అన్న మాటను మళ్లీ తెరమీద ఎవరు పలకాలన్నదే కథలో పోటీ.

కేరల్‌కి మొదటి అవకాశం ఆడిషన్‌లో గెలిచి రాలేదు. ఆ పూటకి ఒక గొంతు కావాల్సి వచ్చి, తాత్కాలికంగా ఆమెతో చదివించిన ట్రాక్ విన్నవాళ్లకు నచ్చింది. నవ్వుల మధ్య చాలామందికి తప్పిపోయే చోటు ఇదే. వాయిస్ ఓవర్ పనిలోకి, అంటే తెరమీద కనిపించకుండా యాడ్‌కో వీడియోకో గొంతిచ్చే పనిలోకి, ఎట్లా రావాలో సినిమా అంతా కలిపి చెప్పినదానికంటే ఆ ఒక్క సీనే ఎక్కువ చెబుతుంది.

యాడ్ ఎడిట్ చేసేవాళ్లు ఫైనల్ గొంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోరు. విజువల్స్ నిడివి సరిచూసుకోవడానికి ఎవరితోనో ఒకరితో చదివించి పెట్టుకుంటారు. దాన్నే స్క్రాచ్ ట్రాక్ అంటారు. తిరుపతిలో పట్టుచీరల షాపులకు, కాలేజీ అడ్మిషన్లకు, ఆసుపత్రులకు, కల్యాణ మండపాలకు వీడియోలు చేసే చిన్న స్టూడియోల్లో కూడా ఇదే వాడుక. చాలాసార్లు ఎడిటరే ఫోన్లో చదివేసి పెట్టుకుంటాడు. ఆ చోటుకి ‘అక్కా, గంటలో ముప్పై సెకన్లు చదివి పంపగలవా’ అని అడిగితే, ‘పంపుతా’ అని చెప్పి శుభ్రంగా పంపగలిగిన ఆడగొంతు ఊళ్లో ఉండాలి. పేరు, పరిచయాలు ఆ తర్వాత వస్తాయి. కాబట్టి కింద రాసేదంతా ఆ గంటకి సిద్ధంగా ఉండడం గురించే.

మొదట గది. మైకు కాదు. మన ఇళ్లలో నాలుగువైపులా సిమెంటు గోడలు, కింద టైల్స్, పైన స్లాబు. ఎంత ఖరీదైన మైకు పెట్టినా గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాల ‘టింగ్’మని తోక వినిపిస్తే ఆ గది పనికిరాదు, లేదా దాన్ని మార్చాలి. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, వాటికి ఎదురుగా మైకు పెట్టడం అన్నిటికంటే చవకైన పద్ధతి. దాంతోపాటు మీ వీపు వెనక మందపాటి దుప్పట్లు రెండు మడతలుగా దండెం మీద వేయండి. మైకు పట్టేది ముందువైపు శబ్దాన్ని, అంటే మీ గొంతుతోపాటు మీ వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా. చాలామంది మైకు వెనకాల మాత్రమే ఫోమ్ పెట్టి, తమ వీపు వెనకాల ఖాళీ గోడను వదిలేస్తారు. ప్రతిధ్వని పోకపోవడానికి అదే కారణం. గుడ్ల అట్టలు గోడకు అంటించి లాభం లేదు, వాటికి శబ్దాన్ని పీల్చుకునేంత మందం ఉండదు.

తర్వాత చప్పుడు. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ మూడూ ఆపాలి. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేయడం మర్చిపోతారు కాబట్టి ఇంటి తాళాలో, బండి తాళమో అందులోనే పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఫ్యాను లేకుండా మూసిన గదిలో పావుగంట మించి ఉండలేరు. అందుకని వేసవిలో పనిని పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసుకుని, మధ్యలో తలుపు తీసి ఊపిరి తీసుకోవాలి. చెమటపట్టి నీరసించిన గొంతు రెండో పేజీకే తెలిసిపోతుంది, వింటున్నవాళ్లకు కారణం తెలియకపోయినా.

మిగతా ఊళ్లలో తెల్లవారుజాము రికార్డింగుకు మంచిదంటారు. తిరుపతిలో అది వీధిని బట్టి. సుప్రభాతం చాలా గుళ్లలో, ఇళ్లలో ఆ వేళకే మొదలవుతుంది. ధనుర్మాసంలో తిరుప్పావై కూడా మైకుల్లో వస్తుంది. మీ వీధికి రాత్రి పదకొండు తర్వాతి వేళే నయం కావచ్చు. రైల్వే స్టేషన్‌కు దగ్గరుంటే ఏ వేళైనా బండి కూత మీద కన్నేసి ఉండాల్సిందే. ఒక వారంపాటు వేర్వేరు వేళల్లో ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, ఎప్పుడు తక్కువ చప్పుడుందో చూసుకోండి. ఆడియో బుక్ కంపెనీలు సాధారణంగా అడిగే కొలత ఇది (రికార్డింగు సాఫ్ట్‌వేర్ మీటర్‌లో గరిష్ఠం సున్నా, మైనస్ అంకె పెరిగేకొద్దీ చప్పుడు తక్కువని అర్థం): ఖాళీ గది చప్పుడు మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద, గొంతు శిఖరం మైనస్ 3 దాటకుండా, సగటు మట్టం మైనస్ 23కి, మైనస్ 18కి మధ్య. ఈ అంకెలు అందుకోగలిగితే ఏ యాడ్ ఎడిటరూ మీ ఆడియోని వెనక్కి పంపడు.

మైకు సంగతి త్వరగా ముగిస్తా. గది బాగా లేనివాళ్లకు డైనమిక్ మైకు మేలు, దగ్గర శబ్దాన్నే ఎక్కువ పట్టుకుంటుంది. గది బాగుంటే కండెన్సర్ మైకు గొంతులోని సన్నని వివరాలు పట్టిస్తుంది. యూఎస్‌బీది కొంటే నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల స్టూడియో కేబుల్) కండెన్సర్ కొంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఆ కేబుల్ ద్వారానే మైకుకు వెళ్లే కరెంటు) ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, కూడా కావాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. రికార్డింగులో సన్నగా ‘గుమ్మ్’మని 50 హెర్ట్జ్ కరెంటు చప్పుడు వస్తుంటే చాలావరకు అది మైకు తప్పు కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, ఎక్కువసార్లు పోతుంది.

నోటికి, మైకుకి మధ్య జానెడు దూరం. మైకు నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి, మీ చూపు మాత్రం స్క్రిప్టు మీద. ప, బ, ఫ, భ పలికినప్పుడు గాలి నేరుగా మైకు మీద పడి ‘దబ్బు’మంటుంది. పాప్ ఫిల్టర్ (గాలి దెబ్బను ఆపే సన్నని తెర) మైకుకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, ఈ పక్క కోణం కూడా ఉంచితే ఆ దెబ్బ తగ్గుతుంది. పరీక్షించుకోవడానికి ‘పాపం, ఫలితం, భగభగ, బొబ్బట్లు’ అని మామూలు గొంతుతో చదివి హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ఇక చదవడం. మన జిల్లావాళ్లు ముందుగా దిద్దుకోవాల్సింది ఒత్తులు. మాట్లాడేటప్పుడు ‘బక్తి, దర్మం, గనంగా’ అనేస్తాం, ఎవరూ పట్టించుకోరు. మైకులో అదే దొరికిపోతుంది. తిరుపతిలో వచ్చే పనిలో భక్తి స్క్రిప్టులు ఎక్కువ, శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ 2008 నుంచి ఇక్కడినుంచే నడుస్తోంది, ఊరి చెవి ఆ ఉచ్చారణకు అలవాటుపడి ఉంది. ఒక వాక్యం తీసుకుందాం:

‘శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాల్లో తొలిరోజు సాయంత్రం ధ్వజారోహణ ఘట్టాన్ని అర్చకులు ఘనంగా నిర్వహించారు.’

మొదట ‘శ్రీ’. స్రీ అని జారిపోకూడదు, నాలుక పైకి లేవాలి. ‘బ్రహ్మ’ని అలవాటుగా ‘బ్రమ్హ’ అంటాం, దానికి అభ్యంతరం ఉండదు. కానీ ‘త్స’ని మింగేసి ‘బ్రమ్మోస్తవాలు’ అంటే స్టూడియోలో అక్కడే ఆపేస్తారు. ‘ధ్వ’, రెండు ‘ఘ’లకు ఊపిరి కావాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? ‘సాయంత్రం’ తర్వాత. ‘బ్రహ్మోత్సవాల్లో’ తర్వాత తీసుకుంటే ‘తొలిరోజు’ తెగి వేరే సంగతిలా వినిపిస్తుంది. ఇక అసలు చిక్కు చివర్లో ఉంది. తెలుగులో క్రియ ఆఖర్న వస్తుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరి అయిపోయి, ‘నిర్వహించారు’లో ‘చారు’ గొణుగుడైపోతుంది. కొత్తవాళ్ల రికార్డింగుల్లో కనిపించే లోపాల్లో ఇదే పెద్దది. చివరి మాటకు సరిపడా ఊపిరి దాచుకుని, గొంతు స్థాయి దిగినా బలం తగ్గకుండా ముగించడం సాధన చేయాలి. రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని, ప్రతి వాక్యంలో చివరి మాటను మాత్రమే వింటూ సరిచూసుకుంటే నెల తిరిగేలోపు తేడా తెలుస్తుంది.

ఇంకొన్ని చిన్నవి. ‘ఫలం’లో ఫ రెండు పెదాలూ కలిపి పలకాలి, ‘ఫ్యాను’లోలాగా పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. ‘చల్లగా’లో చ వేరు, ‘చందనం’లో చ వేరు, ‘చక్రస్నానం’ చదివేటప్పుడు ‘చల్లగా’లోని చ వాడితే పండితులు ఒప్పుకోరు. ‘కల్యాణం’లో ణ, ‘మంగళం’లో ళ నాలుక మడిచి పలికి చూసుకోండి. అంకెలన్నీ స్క్రిప్టులో అక్షరాల్లో రాసుకోండి, లేకపోతే టేక్ మధ్యలో ‘1.5’ని ఒకటిన్నర అనాలా, ఒకటి పాయింట్ ఐదు అనాలా అని తటపటాయిస్తారు. పొట్టి విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు, ఒత్తి చెప్పే మాట కింద గీత. పెన్సిల్‌తోనే, ఎందుకంటే క్లయింటు మార్చమంటాడు.

ఒత్తుల గురించి ఇంత చెప్పానంటే మన యాసను వదిలేయమని కాదు. కేరల్ చేతిలో రికార్డర్ పట్టుకుని కనిపించిన ప్రతి కొత్త యాసనూ పోగుచేసుకుంటుంది, సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ ఆకలి. తిరుపతి, చిత్తూరు 2022లో రెండు జిల్లాలయ్యాయి గానీ మాట విడిపోలేదు. ‘వస్తా ఉండా’, ‘ఎట్ట’, ‘ఏమ్మే’, ‘చెప్పినాడు’ ఇప్పటికీ అటూ ఇటూ ఒకటే. కుప్పం వైపు కన్నడ, తమిళం రెండూ తగులుతాయి, నగరి, సత్యవేడు వైపు తమిళ జీర ఎక్కువ. 2021లో ‘పుష్ప’ వచ్చాక మన యాసంటే ఏమిటో రాష్ట్రమంతా తెలిసింది. బయటివాళ్లు అనుకరిస్తే కృతకంగా ఉంటుంది, మీకు పుట్టుకతో వచ్చింది. రెండూ పెట్టుకోండి: వార్తలు చదివే తెలుగు ఒకటి, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి. ఒకదాంట్లోకి మరొకటి కారకుండా చూసుకోవాలి. యాస సాధనకు, మన మాటలోనే రాసిన నామిని కథలు గట్టిగా చదవడం కంటే మంచి దారి నాకు తెలీదు. ఆర్టీసీ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే నాలుగు రాష్ట్రాల మాట చెవిన పడుతుంది. విని ఇంటికొచ్చి పలికి చూసుకోండి. అడక్కుండా ఎవరి గొంతూ రికార్డు చేయొద్దు.

ఆ సినిమాలో ఇంకో సంగతి ఉంది: పెద్దయ్యాక కూడా పసిపిల్లల్లా సన్నగా సాగదీసి మాట్లాడే అమ్మాయిలకు కేరల్ గొంతు నేర్పుతుంది. మన దగ్గర యాడ్‌లలో ఆడగొంతంటే తియ్యగా, నవ్వుతూ ఉండాలని అడిగేవాళ్లు ఇంకా ఎక్కువే. దానికి విరుద్ధంగా కొందరు బరువుగా వినిపించాలని గొంతును బలవంతంగా కిందికి తోస్తారు, పది నిమిషాల్లో బొంగురుపోతుంది. రెండూ వద్దు. ఫోన్లో నమ్మకమైన స్నేహితురాలితో మాట్లాడేటప్పుడు ఏ స్థాయిలో మాట్లాడతారో అదే మీ అసలు స్థాయి. స్క్రిప్టు మొదటి లైన్‌కు ముందు ‘ఇదిగో విను’ అని మనసులో అనుకుని మొదలుపెడితే గొంతు దానంతటదే అక్కడికి వస్తుంది.

గొంతు సవరించుకోవాలనిపిస్తే ‘ఖళ్’మని దగ్గొద్దు, స్వరతంత్రులు ఒరుసుకుంటాయి. ఒక గుక్క నీళ్లు మింగండి. రికార్డింగుకు గంట ముందునుంచే కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉంటే నోరు ఎండి వచ్చే ‘టిక్ టిక్’ చప్పుళ్లు తగ్గుతాయి. అప్పటికీ ఉంటే పుల్లటి ఆపిల్ ముక్క నమలండి. కాఫీ పని అయ్యాక.

రికార్డింగు మోనోలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా. మొదట పది సెకన్లు మాట్లాడకుండా ఊరికే ఉండండి, గది చప్పుడు నమూనా అవసరపడుతుంది. తప్పు పోతే ఆపకండి. ఒక్క చిటిక వేసి, తప్పిన వాక్యాన్ని మొదటినుంచి మళ్లీ చదవండి. చిటిక వేసిన చోట తెరమీద నిటారు గీత కనిపిస్తుంది, ఎడిటింగులో వెతుక్కోనక్కర్లేదు. ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. వరుస ముఖ్యం: ముందు తప్పులు కోయడం, తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర, అంతకంటే కిందిస్థాయి చప్పుడును కోసేసే హై పాస్ ఫిల్టర్ (మాట్లాడే ఆడగొంతు మూలస్వరం సుమారు 165 నుంచి 255 హెర్ట్జ్, కాబట్టి కిందిది కోసినా గొంతు చెడదు), తర్వాత తేలిగ్గా నాయిస్ రిడక్షన్, 2:1 లేదా 3:1 కంప్రెషన్ (గట్టి, మెత్తని మాటల మధ్య తేడా తగ్గించడం), చివర మైనస్ 3కి నార్మలైజ్ (శిఖరం అక్కడికి వచ్చేలా మొత్తం మట్టాన్ని సర్దడం). నాయిస్ రిడక్షన్ ఆరు నుంచి పన్నెండు డెసిబెల్స్ మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. ఫ్యాను ఆపకుండా చదివి దాన్నంతా సాఫ్ట్‌వేర్‌తో తుడవాలని చూసేవాళ్ల పని అక్కడే బయటపడుతుంది.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టండి, వేవ్ ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. ల్యాప్‌టాప్ స్పీకర్‌కి ఫోన్ ఆనించి మళ్లీ వాయిస్ నోట్‌గా రికార్డు చేసి పంపితే అంతసేపు చేసిన పనీ వృథా. ఫైలు పేరులో క్లయింటు, నిడివి, ఎన్నో టేకో ఉండాలి. అడక్కపోయినా రెండు రకాలుగా పంపండి: ఒకటి ప్రశాంతంగా, ఒకటి హుషారుగా. స్క్రాచ్ ట్రాక్ ఫైనల్‌గా మిగిలిపోయేది ఇట్లా ఎంచుకునే వీలు ఇచ్చినప్పుడే.

నిడివి విషయంలో ఎడిటర్లు తరచూ పొరబడతారు. ఇంగ్లీషు స్క్రిప్టును తెలుగు చేస్తే మాటల సంఖ్య తగ్గినా పలకడానికి పట్టే సమయం పెరుగుతుంది, మన మాటలు పొడుగు కాబట్టి. ముప్పై సెకన్లకు తెలుగులో సుమారు యాభై నుంచి అరవై మాటలు హాయిగా పడతాయి. ఎనభై ఇస్తే చదవబోకండి, ముందే ఫోన్ చేసి ఏ మాట తీసేయొచ్చో మీరే సూచించండి. పరిగెత్తించి చదివిన ట్రాక్ విని ‘ఈమె తొందరపడుతుంది’ అంటారు తప్ప స్క్రిప్టు ఎక్కువైందని అనరు.

మన ఊళ్లలో ఎప్పుడూ ఉండే పని ఇంకోటుంది, చిన్నచూపు చూడొద్దు: మైకు ఆటో ప్రచారం. పెన్‌డ్రైవ్‌లో వేసి రోజంతా వీధులు తిప్పుతారు. దానికి చదవడం పూర్తిగా వేరు. ఆ గొట్టం స్పీకర్లు మధ్యస్థాయి శబ్దాన్నే బయటకు తోస్తాయి, మీ గొంతులోని లోతు అక్కడ వినిపించదు. కాబట్టి మెత్తగా కాకుండా అక్షరం అక్షరం విడిగా, మామూలుకంటే నెమ్మదిగా చదవాలి. ఆటో కదులుతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఇరవై సెకన్ల కంటే ఎక్కువ దక్కదు. అందుకని షాపు పేరు, వీధి పేరు, తేదీ మూడూ ప్రతి ఇరవై సెకన్లలోపు ఒకసారి రావాలి. ఫోన్ నంబరు రెండుసార్లు, ఒక్కో అంకె విడిగా. వెనక సంగీతం మాట నడుస్తున్నప్పుడు బాగా తగ్గాలి, ఆ గొట్టంలో రెండూ కలిసి రొదైపోతాయి.

ఆకాశవాణికి తిరుపతిలో స్టేషన్ ఉంది. కాజువల్ అనౌన్సర్ల (అవసరమైన రోజుల్లో మాత్రమే పిలిచే అనౌన్సర్ల) కోసం ప్రకటన పడినప్పుడు రాత పరీక్ష, ఆడిషన్ ఉంటాయి. ప్రకటన కనిపిస్తే వదలొద్దు, అక్కడి శిక్షణ ఉచ్చారణను గట్టిగా నిలబెడుతుంది. సినిమా డబ్బింగ్ వేరే దారి. సరిత, రోజారమణి, సునీత, చిన్మయి లాంటివాళ్ల గొంతులతో ఎందరో హీరోయిన్లు మనకు గుర్తుండిపోయారు. దానికి పెదాల కదలికకు మాట కలపడం రావాలి, మనిషి హైదరాబాద్‌లో అందుబాటులో ఉండాలి. మొదటి ఏడాదిలో దాని జోలికి పోకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

డెమో, అంటే పని అడిగేటప్పుడు వినిపించే మీ గొంతు నమూనా, అరవై నుంచి తొంభై సెకన్లు దాటనివ్వొద్దు. భక్తి, చీరల షాపు, ఆసుపత్రి, పాఠం, యాసలో ఒక ముక్క, అంతే. మీకు బాగా వచ్చింది మొదటి ఐదు సెకన్లలోనే పడాలి, ‘నమస్కారం, నా పేరు’ అంటూ మొదలుపెడితే చాలామంది అక్కడే ఆపేస్తారు. అసలు అమ్ముడైన యాడ్ స్క్రిప్టులు కాపీ కొట్టకుండా మీరే రాసుకోండి.

డబ్బు మాట ముందే మాట్లాడాలి. స్క్రాచ్‌కు ఎంత, అదే ఫైనల్‌గా వాడుకుంటే ఎంత అని రెండు అంకెలు మొదటి మెసేజ్‌లోనే రాయండి. ఇది రాయకపోతే స్క్రాచ్ ధరకే ఏడాదంతా లోకల్ కేబుల్‌లో మీ గొంతు నడుస్తుంది, అడిగితే ‘అప్పుడు చెప్పలేదు కదమ్మా’ అంటారు. ఎక్కడ వాడతారు, ఎన్ని నెలలు, స్క్రిప్టు మారితే మళ్లీ చదివినందుకు ఎంత అనేవి కూడా రాసుకోండి. మీ తప్పు సరిదిద్దడం ఉచితం, వాళ్లు మార్చిన స్క్రిప్టు మళ్లీ చదవడం ఉచితం కాదు. ఇప్పుడు ఇంకో లైన్ తప్పనిసరి: ఈ రికార్డింగును కృత్రిమ గొంతు తయారీకి వాడకూడదు. నమూనా కోసం అంటూ గంటలకొద్దీ వాక్యాలు చదివించుకునేవాళ్లు నిజానికి కొనేది మీ గొంతునే, ఆ ధర వేరు. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే పని ఇప్పిస్తామనేవాళ్లకు జవాబు కూడా ఇవ్వనక్కర్లేదు.